గుప్పిట్లో నడకయ్య

జురాసిక్ కాలంలో గడ్డి లేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నేను ఎంతమందితో గొంతు చించుకున్నానో నాకే తెలియదు. పిల్లలు చేత్తో పట్టుకుని ఆడుకునే ఆటపెట్టెల్లో రాకాసిబల్లులు మాత్రం హాయిగా పచ్చగడ్డి మీద పరుగులు తీస్తుంటాయి. తోకలు నేల మీద ఈడ్చుకుంటాయి. అయినదానికీ కానిదానికీ గర్జిస్తాయి. పది కోట్ల ఏళ్ల తేడాతో పుట్టినవన్నీ ఒకే రేవులో నీళ్లు తాగుతాయి. ముప్పై ఏళ్లు ఎముకల మధ్య బతికినదాన్ని, ఇవి చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఉండబట్టలేక, హైదరాబాద్‌లోనే ఉన్న ‘తూనీగ’ అనే ఆటల కంపెనీకి వాళ్ల ఆటలో నలభై మూడు తప్పులు ఏరి ఉత్తరం రాశాను. మా ఆయన మురహరి అది చదివి, “బొమ్మలతో కూడా తగువేనా దమయంతీ? బల్లులకు లేని బాధ నీకెందుకు?” అన్నాడు. వారం తిరక్కుండానే ఆ ఆట తయారుచేసిన జోయెల్ మా మ్యూజియానికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి. నా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. సంజాయిషీ చెప్పుకుంటాడనుకున్నాను.

“నలభై మూడు కాదు మేడమ్, నలభై నాలుగు. చందమామను ఇప్పుడున్నంతే గీశాం. అప్పట్లో ఇంకాస్త దగ్గరుండేవాడు కదా, పిసరంత పెద్దగా కనపడాలి,” అన్నాడు.

ఇక ఆ కుర్రాడితో పోట్లాడటం నా వల్ల కాలేదు. అలా మొదలైంది ‘తొలి అడవి’. అరచేతిలో ఇమిడే చిన్న ఆటపెట్టె, దాని పేరు గుప్పిటి. తెర వెలగగానే ముందు ఒక వాక్యం కనిపిస్తుంది: ‘ఈ జంతువు వేసే ప్రతి అడుగూ నిజం.’ దాని కింద నా పేరు. ఆ వాక్యం నేనే రాశాను. గర్వంగానే రాశాను.

అంత ధీమాకు కారణం మా ప్రయోగశాలలోని యంత్రం. దాన్ని మేము చదువరి అంటాం. జంతువు కాలు మోపితే ఆ బరువుకు ఎముకలోని సన్నని పలుకులు వెంట్రుకలో వెయ్యో వంతు ఒరుగుతాయి. ఎముక రాయిగా మారినా ఆ ఒరగడం అలాగే ఉంటుంది. ఒక జీవితకాలపు అడుగులన్నీ పొరలు పొరలుగా లోపల ఉండిపోతాయి. చదువరి ఒక్కో పొరనూ చదివి, ఆ జంతువు ఎలా నడిచిందో, ఎప్పుడు కుంటిందో, ఎక్కడ ఆగిందో వరసగా చెబుతుంది. చిక్కల్లా ఒక్కటే. చదివిన పొరను అరగదీస్తే గాని కింది పొర బయటపడదు. చదవడం పూర్తయ్యేసరికి ఎముక మిగలదు.

మా ఆటకు ఎంచుకున్న పొడుగుమెడ రాకాసిబల్లి ముంగాలి ఎముకను చదువరిలో పెట్టిన రోజు ఇప్పటికీ నాకు కలలా ఉంటుంది. యంత్రం సన్నగా జుమ్ముమంటోంది. కింద పళ్లెంలోకి మెత్తటి పొడి రాలుతోంది. తెర మీద పొగమంచు, మనిషెత్తు ఫెర్న్ ఆకులు, గోదావరి పుట్టకముందు ఎప్పుడో పారిన పేరులేని నది. మంచులోంచి ఒక పిల్ల జంతువు వచ్చింది. దాన్ని ఎవరూ గీయలేదు. మెడ ముందుకు చాపి, తోక నేలకు తగలకుండా ఎత్తి, కుడి ముంగాలు కాస్త తటపటాయిస్తూ వేసింది. పద్దెనిమిది కోట్ల ఏళ్లుగా ఏ కన్నూ చూడని నడక అది. జోయెల్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. పళ్లెం వైపు మాత్రం చూడలేదు.

ఆ ఎముక నాది కాదు. మ్యూజియానిదీ కాదు.

ప్రాణహిత ఒడ్డున రేగులవాడ అని చిన్న ఊరు. పక్క గుట్టలో మావాళ్లు ఆ పిల్ల జంతువు ఎముకలన్నీ తవ్వి తీశారు, కుడి ముంగాలి ఎముక ఒక్కటి తప్ప. రెండేళ్ల కిందట నేను ఆ ఊళ్లోకి వెళ్తే అది కనిపించింది. ఊరి మధ్య గద్దె మీద నిలబెట్టి ఉంది. మూరన్నర పొడుగు. ఒళ్లంతా పసుపు, పైన కుంకుమ. అరవై ఏళ్ల కిందట బావి తవ్వుతుంటే దొరికిందట. పేరు నడకయ్య. ఏడాది దాటినా నడక రాని పిల్లలను మంగళవారం పొద్దున తెచ్చి, నడకయ్యకు పసుపునీళ్లు పోసి, పిల్ల రెండు చేతులూ ఆయన మీద ఆనించి నిలబెడతారు. ఐదు మంగళవారాలు అలా చేస్తే నడక వస్తుందని నమ్మకం. ఆ వయసు పిల్లలకు ఐదు వారాల్లో ఎలాగూ నడక వస్తుందని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

గద్దెను చూసుకునేది బానక్క. బావి తవ్విన మనిషి కూతురు. ఆ ఎముకను పట్టుకుని మొట్టమొదట నిలబడిన పిల్ల కూడా ఆవిడే. ఎముకను మ్యూజియానికి తీసుకెళ్తానంటే ఊరివాళ్లు కుదరదన్నారు. ఆవిడే అందరికీ నచ్చజెప్పింది.

“కొంటవోతె మల్ల తెస్తవా బిడ్డా?” అని ఒక్కటే అడిగింది.

“తెస్తాను బానక్కా. చూసి, కొలిచి, మళ్లీ ఇక్కడే పెడతాను,” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను అబద్ధమాడలేదు. అప్పటికి చదువరి తయారు కాలేదు. మరుసటి ఏడు తయారైంది. ఎముకను అరగదీయడానికి అనుమతి కాగితం నా బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు బానక్క మాట గుర్తుకు రాలేదని చెప్పుకుంటే బాగుండేది. గుర్తుకొచ్చింది. అయినా పెట్టాను.

బానక్క నెలకోసారి ఫోన్ చేసేది. “నడకయ్య ఎట్లున్నడు బిడ్డా?” అనేది, పట్నంలో చదువుకుంటున్న పిల్లవాడి గురించి అడిగినట్టు. “బాగున్నాడు బానక్కా, ఇంకా చూస్తున్నారు,” అనేదాన్ని. ఎముక పొడై సీసాలోకి చేరిన తర్వాత కూడా ఏడు నెలలు అలాగే చెప్పాను. జురాసిక్ కాలంలో గడ్డి మొలిపించారని జనం మీద విరుచుకుపడే మనిషిని నేను.

ఆట బజారులోకి వెళ్లేముందు పరీక్షించమని జోయెల్ ఒక గుప్పిటి ఇంటికి ఇచ్చాడు. అది మురహరి చేతిలో పడింది. ముప్పై ఏళ్ల కాపురంలో నా ఎముకల జోలికి రాని మనిషి, పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని బాల్కనీలో దానికి అతుక్కుపోయేవాడు. “మేసింది”, “నీళ్లు తాగింది”, “ఇవాళ తుమ్మింది” అని నాకు కబుర్లు చెప్పేవాడు. కూర మాడుతున్నా లేచేవాడు కాదు.

ఒక మంగళవారం, “దమయంతీ, నీ జంతువు అలిగింది,” అన్నాడు.

“జంతువులు అలగవు.”

“మరి ఇదేమిటో నువ్వే చూడు.”

చూశాను. నది ఒడ్డున పల్చటి ఎండ. పిల్ల జంతువు వెనక కాళ్లు మడిచి కూర్చుంది. కుడి ముంగాలు తిన్నగా ముందుకు చాపింది. మెడ దించి ఆ కాలివైపే చూస్తోంది. మురహరి ఆకులు చూపించినా కదల్లేదు. దూరంగా వేటజంతువు నీడ కనపడ్డా కదల్లేదు. అంత ప్రశాంతంగా, అంత ఓపికగా ఏ జంతువూ కూర్చోగా నేను చూడలేదు.

“ఎవరికోసమో ఆగినట్టు లేదూ?” అన్నాడు మురహరి. “కాసేపటికి తనే లేచి పోతుంది. ఆటలో ప్రతి ఏడో రోజూ ఇదే వరస. కాలెండర్ మీద గీతలు పెట్టాను.”

“ఏడో రోజేమిటి, నీ మొహం! వారం అనేది మనుషులు పెట్టుకున్నది. జంతువుకేం తెలుస్తుంది ఇవాళ మంగళవారమని?”

అన్నాను గానీ, ఆ మాట నోటి నుంచి వచ్చాక రేగులవాడ గద్దె గుర్తుకొచ్చింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మురహరి కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

మర్నాడు జోయెల్, నేను చదువరి ముందు కూర్చున్నాం. దాని జ్ఞాపకంలో అన్నిటికన్నా పై పొర తెరిచాం. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. చదివేముందు ఎముకను కడిగి, పై పొరను గీకేయడం మా పద్ధతి. ఒక్క అడుగు కూడా పోకూడదని దీన్ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. అరవై ఏళ్ల పసుపు, నూనె కిందున్న పొరను కూడా యంత్రం చదివేసింది. రాయికి వయసు తెలియదు. పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందటి ఒత్తిడికీ, నిరుడు పడిన ఒత్తిడికీ యంత్రానికి తేడా లేదు.

తెర నిండా చిన్న చిన్న ఒత్తిళ్లు. రెండు అరచేతులు, పది వేళ్లు. మళ్లీ రెండు అరచేతులు, పది వేళ్లు. ఎనిమిది కిలోల బరువు, తొమ్మిది కిలోలు, కొన్ని ఏడున్నర. వేలకు వేలు. ఆనుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం. ఎవరో ఆనుకుంటున్నారు కాబట్టి కాలు కదలకూడదని యంత్రం అర్థం చేసుకుంది. అందుకే ఆ జంతువు వారానికోసారి కాలు చాపి, కదలకుండా కూర్చుంటోంది.

జోయెల్ తెర మీది ఒక అరచేతి గుర్తును వేలితో తాకాడు. తర్వాత మెల్లగా, “శాస్త్రం ప్రకారం ఇది తప్పే కదా మేడమ్. నలభై ఐదోది,” అన్నాడు.

“తప్పే.”

“మరి తీసెయ్యమంటారా? శుక్రవారానికి చదువరి జ్ఞాపకం ఖాళీ చేస్తారు, ఇంకో ఎముక పెట్టాలట. ఆటలో ఉన్నదే మిగులుతుంది. ఇప్పుడు తీస్తే ఈ చేతులు ఇంకెక్కడా ఉండవు.”

ఆగమన్నాను. నలభై నాలుగు తప్పులు వెంటనే దిద్దించినదాన్ని, దీన్ని మాత్రం తీసెయ్యమనలేకపోయాను.

ఆ సాయంత్రమే బానక్క ఫోన్ వచ్చింది. ఈసారి ఎట్లున్నడని అడగలేదు.

“బిడ్డా, మా మనవరాలి బిడ్డ సిరికి పద్దెనిమిది నెలలొచ్చినయ్. ఇంక నిలబడ్తలేదు. దవాఖానల సూపిచ్చినం. ఏం లేదు, మెల్లగ నడుస్తదన్నరు. గని నడకయ్య ఉండంగ మెల్లగెందుకు? పొయిన మంగళారం గద్దె కడిగిన. వచ్చే మంగళారం ఆయినెను తోల్కరా. ఇగ సాలు సూసింది.”

“వస్తాను బానక్కా,” అన్నాను. తెస్తాను అనలేకపోయాను. ఆ తేడా ఆవిడ గమనించలేదు.

మంగళవారం పొద్దున రేగులవాడ చేరేసరికి గద్దె చుట్టూ ముగ్గు వేసి ఉంది. ఇత్తడి బిందెలో పసుపునీళ్లు సిద్ధంగా ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. సిరిని ఎత్తుకుని వాళ్లమ్మ నిలబడింది. పిల్ల కాళ్లకు కొత్త పట్టీలు. అందరూ నా కారు వైపు చూశారు. డ్రైవర్ డిక్కీ తెరుస్తాడని ఎదురుచూశారు. నేను చేతిసంచీతో దిగాను.

“నడకయ్య ఏడి?” అంది బానక్క.

దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు. ఎముకను చదవాలంటే అరగదీయాలనీ, అరగదీశామనీ, సంతకం పెట్టింది నేనేననీ, ఏడు నెలలుగా ఫోన్లో చెప్పిందంతా అబద్ధమనీ ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరైనా తిట్టినా బాగుండేది.

“పొడి జేసిన్రా?” అంది బానక్క.

“అవును. పొడి సీసాలో ఉంది, తెస్తా...”

“తెస్త అని ఇంక అనకు.”

సంచీలోంచి గుప్పిటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అదేమిటని ఆవిడ అడగలేదు. తెర మీద పొద్దుపొడుపు. మంచు విడిపోతోంది. ఒడ్డున ఆ పిల్ల జంతువు కాలు చాపి కూర్చుని ఉంది.

“ఇతనే నడకయ్య. బతికున్నప్పుడు ఇలా ఉండేవాడు,” అన్నాను.

ఆవిడ చాలాసేపు చూసింది. ఆడవాళ్లంతా భుజాల మీద నుంచి వంగి చూశారు. “గిట్లెందుకు కూసున్నడు?” అని అడిగింది.

చెప్పాను. మీ పిల్లల చేతులన్నీ ఆ ఎముకలో ఉండిపోయాయని, ఆ చేతుల కోసమే వారానికోసారి ఇలా ఆగుతున్నాడని చెప్పాను.

బానక్క బొటనవేలు తెర మీద ఆగిపోయింది. “మా కనకలచ్చిమి చేతులు గూడ ఉన్నయా అండ్ల?” కనకలక్ష్మి ఆవిడ కూతురు. జ్వరమొచ్చి చనిపోయి తొమ్మిదేళ్లు.

“ఉన్నాయి. నీవీ ఉన్నాయి. అరవై ఏళ్లలో ఇక్కడ నిలబడిన అందరివీ ఉన్నాయి. శాస్త్రం ప్రకారం ఇది తప్పు బానక్కా. కానీ దీన్ని ఇలాగే ఉంచేస్తాను. కింద నా పేరు ఉన్నా సరే ఉంచుతాను.”

ఆవిడకు ఏదో తిరిగి ఇస్తున్నాననుకున్నాను అప్పుడు. నిజానికి నా మనసు తేలికపడటానికే ఆ మాట అన్నాను. బానక్క గుప్పిటిని తిప్పి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, సిరి దగ్గరికి తీసుకెళ్లింది. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకోబోయింది.

“గిది పట్టుకొని పిల్ల ఎట్ల నిలబడ్తది?” అంది నాతో.

అంత చిన్న పెట్టె ఎనిమిది కిలోల బరువునే కాదు, ఎనిమిది వేళ్లను కూడా ఆపలేదు.

ఆవిడ మళ్లీ తెర వంక చూసింది. “మీ ఆటల ఎప్పటికి గిట్ల కూసుంటనే ఉంటడా?”

“ఏడు రోజులకోసారి.”

“ఊరందరికి నడకిచ్చిండు. ఆయినె మాత్రం అరువై ఏండ్ల సంది ఈ గద్దె మీద కదలకుంట నిలబడె. మా కోసమే నిలబడె. అండ్ల గూడ కూసోవెట్టుడేనా? తీసెయ్యి.”

“తీసేస్తే కనకలక్ష్మి చేతులు కూడా పోతాయి బానక్కా. మళ్లీ ఎక్కడా ఉండవు.”

“ఎరికె. ఇన్న. తీసెయ్యి. ఆయినెను నడవనీ.”

జోయెల్‌కి ఫోన్ చేశాను. నా గొంతు విని అతను ఎందుకని అడగలేదు. “సరే మేడమ్,” అన్నాడు. రెండు నిమిషాలు తెర నల్లగా అయిపోయింది. ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. తర్వాత మళ్లీ మంచు వచ్చింది, నది వచ్చింది, ఆకుల మీద నీటిచుక్కలు వచ్చాయి.

పిల్ల జంతువు ఈసారి కూర్చోలేదు. ఒడ్డున నిలబడి గాలి పీల్చింది. మెడ ఎత్తింది. కుడి ముంగాలు వేసింది, తటపటాయించకుండా వేసింది. ఇన్నాళ్లూ ఆ తటపటాయింపు దాని నడకే అనుకున్నాను నేను. ఆ తడబాటు కూడా పిల్లల బరువుదే. ఒక్కో అడుగూ నిదానంగా వేసుకుంటూ, లోతు తక్కువ ఉన్నచోట నది దాటి, అవతలి ఫెర్న్ పొదల్లోకి వెళ్లింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని దానికి లేదు, మనమెవరమో దానికి తెలియదు. పొదలు కొంతసేపు ఊగి ఆగిపోయాయి. ఖాళీ ఒడ్డు మీద ఎండ పడుతోంది. నా ముప్పై ఏళ్ల చదువులో అంత అందమైనది నేను చూడలేదు, అంత ఏడుపూ ఎన్నడూ రాలేదు.

“మంచిగ నడుస్తడు,” అంది బానక్క. కొంగుతో కళ్లు తుడుచుకుని గుప్పిటి నా చేతిలో పెట్టేసింది. “సరె. ఆయినె పొయిండు. నిన్ను మాత్రం నేను మన్నించలే, అది వేరె ముచ్చట. మరి పిల్ల సంగతేంది?”

నేను గుప్పిటిని సంచీలో పెట్టుకున్నాను.

“కూసో,” అంది.

“ఎక్కడ?”

“గద్దె మీద. చెప్పులిడిసి కూసో. కాలు సాపు.”

ఎవరూ నవ్వలేదు. చెప్పులు విడిచాను. గద్దె ఎక్కి కూర్చుని, చీర మోకాలి దాకా జరుపుకుని, కుడికాలు చాపాను. బానక్క బిందె వంచి నా కాలి మీద పసుపునీళ్లు పోసింది. చల్లగా తగిలి ఒళ్లు జలదరించింది. సిరిని వాళ్లమ్మ దించింది. రెండు చిన్న అరచేతులు నా మోకాలి కింద పడ్డాయి. ఆ వయసు పిల్ల బరువు ఎన్ని కిలోలో, ఏ వేలు ఎంత నొక్కుతుందో నాకు అంకెల్లో తెలుసు. అంత వెచ్చగా ఉంటుందని తెలియదు.

పిల్ల సగం లేచి, వణికి, కూలబడింది. మళ్లీ పట్టుకుంది. నా కాలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టింది.

“కదలకు,” అంది బానక్క.

నేను కదల్లేదు.